చీకటి, విషాద ఛాయలుండే గాథిక్ రాక్ సంగీతంపై ‘ద డామ్డ్’ ప్రభావం ఎంత? తెలిసినవారు చెప్పగలరా?

1976లో లండన్‌లో పుట్టిన పంక్ బృందం ‘ద డామ్డ్’ అంటే నాకు ప్రాణం. గాయకుడు డేవ్ వేనియన్ తొలినాళ్ల నుంచే నల్లని దుస్తులు, తెల్లగా పాలిపోయిన ముఖంతో రక్తపిశాచిలా వేదికెక్కేవాడు. గాథిక్ వేషధారణకు ఆయన బాట వేశాడంటే ఒప్పుకుంటాను. నా సందేహమల్లా సంగీతం గురించే.

1980 నాటి ‘ద బ్లాక్ ఆల్బమ్’లో సుమారు 17 నిమిషాల ‘కర్టెన్ కాల్’ పాట ఉంది. ఆ బరువైన గొంతు, కీబోర్డుల చీకటి వింటే ఇది గాథిక్ కాక మరేమిటి అనిపిస్తుంది! కానీ గాథిక్ రాక్ తొలి బృందాల్లో ఒకటైన బౌహౌస్ తొలి సింగిల్ 1979లోనే వచ్చింది. డామ్డ్ ఆల్బమ్ ‘ఫాంటస్మగోరియా’ వచ్చిన 1985 నాటికి ఆ శైలి స్థిరపడిపోయింది.

మరి డామ్డ్ దారి చూపిందా, తర్వాత ఆ దారిలో కలిసిందా? ఆ కాలపు గాథిక్ సంగీతకారులు డామ్డ్ ప్రభావాన్ని స్వయంగా ప్రస్తావించిన ఇంటర్వ్యూలు తెలిస్తే దయచేసి చెప్పండి.