గుమ్మం మార్చాక పైన ఇటుకలు పగిలాయి: పుట్టీ చాలా, లింటెల్ వేయాలా?

మాంబళం_రవి:
చెన్నై వెస్ట్ మాంబళంలో మా తాతగారు కట్టిన ఇల్లు. మద్రాస్ టెర్రస్ కప్పు, సున్నపు గోడలు. టేకు ద్వారబంధానికి చెదలు పడితే పోయిన నెల తీయించి స్టీలు ఫ్రేము పెట్టించాను. ఇప్పుడు ఎడమ మూల నుంచి పైకి మెట్లు మెట్లుగా పగులు. పది రూపాయల బిళ్ల అంచు దూరుతోంది. మేస్త్రి పుట్టీ పెట్టి రంగేస్తే చాలంటున్నాడు.

గార_సుబ్బు:
చాలు. సుత్తి దెబ్బలకి ఆ మాత్రం కదులుతుంది. పగులు వెంట చెక్కి పూడ్చేయండి. ఇంజనీరు దాకా వెళ్తే గోడ సంగతేమో గానీ జేబుకి చిల్లు.

కొలతబద్ద:
రవి గారూ, అసలు గుమ్మం మీద లింటెల్, అంటే పైగోడని మోసే అడ్డ దిమ్మె, ఉందా? పాత ఇళ్లలో కొన్నిచోట్ల ద్వారబంధం పై చెక్కే ఇటుకల్ని మోస్తుంది. అది తీసి రేకు ఫ్రేము పెడితే పైన ఇటుకలు దిగుతాయి.

గార_సుబ్బు:
ద్వారబంధం బరువు మోయదండీ! ఇటుకలు వాటంతటవే ఆర్చిలా నిలబడతాయి. మహా అయితే గుమ్మం పైన త్రికోణం మేర దిగుతుంది.

కొలతబద్ద:
ఒప్పుకుంటాను. కానీ కప్పు దూలం ఆ త్రికోణంలోనే ఆనితే? మద్రాస్ టెర్రస్‌లో టేకు దూలాలు గోడ మీదే కూర్చుంటాయి. పైన ఇటుకలు, సున్నపు కాంక్రీటు, అంత బరువు. పగులు ఎక్కడిదాకా వెళ్లింది?

మాంబళం_రవి:
స్టూలెక్కి చూశాను. సరిగ్గా రెండో దూలం కిందికే.

పెరంబూర్_తులసి:
ఫ్రేము తీసేటప్పుడు పైగోడ దిగకుండా కింద పోటు పెట్టారా?

మాంబళం_రవి:
లేదండీ.

కొలతబద్ద:
ముందు ఆ దూలం కింద జాకీలు పెట్టించండి. పగులు మీద అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్ద అతికించి తేదీ రాయండి. చిట్లితే ఇంకా కదులుతున్నట్టే. తర్వాత వదులైన ఇటుకలు తీసి లింటెల్ వేయాలి, రెండు వైపులా కనీసం 150 మి.మీ. గోడ మీద ఆనేలా. అక్కడే పోస్తే వారం తడపాలి, కింద సెంట్రింగ్ 14 రోజులు విప్పకూడదు. ఇటుకలు మళ్లీ సున్నంతోనే కట్టించండి, ఆ మెత్తటి ఇటుకకి సిమెంటు పడదు.

గార_సుబ్బు:
దూలం దూలమే. ద్వారబంధం మోస్తుందో లేదో అది తేల్చండి ముందు.

కొలతబద్ద:
మీకు రవి గారి ఇల్లు ముఖ్యమా, మీ మాట ముఖ్యమా?

గార_సుబ్బు:
ఇల్లా! మా ట్రిప్లికేన్ ఇంటికి మీలాంటి ఇంజనీరే జాకీలన్నాడు, లింటెల్ అన్నాడు. రెండు లక్షలు పోశాం. ఏడాది తిరక్కుండా ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేశాం. పడగొట్టే కొంపకి ఎందుకండీ ఇన్ని సోకులు?

కొలతబద్ద:
అదా మీ బాధ! అది ముందే చెప్పొచ్చుగా.

మాంబళం_రవి:
మా అన్నయ్యదీ అదే మాట. ఫ్లాట్లు కట్టిద్దామని రెండేళ్లుగా పోరు. లింటెల్ వేయిస్తే, ఇల్లు బిల్డర్‌కి ఇవ్వడం నాకిష్టం లేదనుకుంటాడు. అందుకే పుట్టీతో పోతుందేమోనని అడిగాను.

పెరంబూర్_తులసి:
అన్నదమ్ముల లెక్క తర్వాత తేల్చుకోండి. ఈలోగా ఆ గుమ్మం కింద నడిచేది ఎవరు?

మాంబళం_రవి:
అమ్మ. రేపు పొద్దున్నే జాకీలు వస్తున్నాయి.

సుబ్బు గారూ, పాత ద్వారబంధం పెరట్లోనే పడుంది, ఇప్పుడే చూసొచ్చాను. పై చెక్క మధ్యలో అర అంగుళం కుంగింది. పై అంచున ఇటుకల అచ్చులు వరసగా దిగి ఉన్నాయి.

గార_సుబ్బు:
ఫోటో పెట్టండి. చూస్తే గానీ నమ్మను.