బుర్రకథలో ఈ ఒక్క ఘట్టం పిల్లల ముందు ఎలా చెప్పాలి?

అక్టోబరు 2న గుంటూరులోని ఒక ఉన్నత పాఠశాలలో మా మహిళా బృందం బుర్రకథ చెప్పబోతోంది. ఉప్పు సత్యాగ్రహం పిల్లలకు కంఠతా వచ్చు కాబట్టి, పశ్చిమాఫ్రికా దేశమైన లైబీరియాలో 2003 నాటి స్త్రీల శాంతి పోరాట కథ ఎత్తుకున్నాం.

మొదటి సగం సాఫీగా కుదిరింది. అంతర్యుద్ధంతో విసిగిన క్రైస్తవ, ముస్లిం స్త్రీలు లేమా గ్బోవీ వెంట తెల్లబట్టలతో రాజధాని మన్రోవియా చేపల బజారు దగ్గర ఎండనక వాననక కూర్చోవడం, అధ్యక్షుడు చార్లెస్ టేలర్‌ను చర్చలకు ఒప్పించడం. తందాన తానకు భలే అతికింది!

చిక్కంతా ఆ చర్చలు జరిగిన ఘనా రాజధాని అక్రాలో. చర్చలు నాన్చుతున్న నాయకులు బయటికి రాకుండా స్త్రీలు తలుపుల దగ్గర బైఠాయించారు. అరెస్టు చేయడానికి భద్రతా సిబ్బంది వస్తే, గ్బోవీ తన బట్టలు విప్పేస్తానని బెదిరించింది. తల్లి వయసు స్త్రీ అలా చేస్తే చూసినవారికి శాపమని అక్కడి నమ్మకం. సిబ్బంది వెనక్కి తగ్గారు. ఆగస్టులో శాంతి ఒప్పందం కుదిరింది.

ఇది తీసేస్తే కథకు ప్రాణమే లేదు. ఉంచితే ఎనిమిదో తరగతి పిల్లలు కిసుక్కుమంటారు, పెద్దలు ముఖం చిట్లిస్తారు. ఆ చోట హాస్యపు వంతను (నవ్వించే సహకథకురాలిని) మౌనంగా ఉంచి, రాజకీయ వంత (వ్యాఖ్యానం చెప్పే సహకథకురాలు) చేత ఆ నమ్మకాన్ని ముందే చెప్పిస్తే సరిపోతుందా?

ఇంకొకటి. చివర 1992 నాటి నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల సారా వ్యతిరేక పోరాటం కలపాలని మాలో ఒకరి పట్టు. నాకైతే అతుకులా అనిపిస్తోంది. బుర్రకథ చెప్పిన అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరా?