పోయిన గైడ్స్ లాగ్‌బుక్‌ను మళ్ళీ రాయించుకోవడం ఎలా?

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో తృతీయ సోపాన్ (మూడో దశ శిక్షణ) పూర్తిచేసి, రాష్ట్ర స్థాయి అవార్డైన రాజ్య పురస్కార్ పరీక్షకు సిద్ధమవుతోంది. గత నెల 14న శిబిరం నుంచి తిరిగి వస్తుండగా బస్సులో ఆమె లాగ్‌బుక్ (నేర్చుకున్నవి, చేసినవి తేదీలతో రాసి సంతకాలు తీసుకునే పుస్తకం) పోయింది. రీఫ్ నాట్, క్లోవ్ హిచ్ ముడులను సన్నని తాడుతో వేసి, అట్టకు కుట్టి అతికించిన పేజీలు అందులోనే ఉన్నందున పాప ఇంకా దిగులుగానే ఉంది.

బస్ డిపోలో రెండుసార్లు వాకబు చేసినా ఫలితం లేదు. గైడ్స్ బృందాన్ని నడిపించే గైడ్ కెప్టెన్ గారు మళ్ళీ సంతకాలు చేయడానికి సిద్ధమే కానీ, పాత తేదీలకు ఆధారం కావాలంటున్నారు. పాఠశాలలో హాజరు పట్టిక తప్ప నకలేదీ లేదు. మా దగ్గర తృతీయ సోపాన్ సర్టిఫికెట్, ఫోన్‌లో తీసిన 11 పేజీల ఫోటోలు మాత్రమే ఉన్నాయి.

ఇలాంటి ఆధారాలతో తిరిగి రాసిన లాగ్‌బుక్‌ను పరీక్షా శిబిరంలో అంగీకరింపజేసుకున్నవారు ఎవరైనా ఉంటే, దానిపై ఎవరి ధ్రువీకరణ తీసుకున్నారో దయచేసి తెలియజేయగలరా?