బ్యాంకాక్‌లో ఒక్క రోజు, ఇద్దరం, 3000 బాట్లు: ఏది చూడాలి, ఏది వదిలేయాలి?

గోదారిగట్టు:
మా ఆవిడా నేనూ వచ్చే నెల బ్యాంకాక్ మీదుగా వెళ్తున్నాం. ఒక రోజంతా ఖాళీ. రూము సియామ్ దగ్గర, దాని అద్దె ఈ లెక్కలోకి రాదు. గ్రాండ్ ప్యాలెస్, వాట్ ఫో, వాట్ అరుణ్ గుళ్లు, నది మీద పడవ, రాత్రికి చైనాటౌన్ అనుకున్నాం. ఇద్దరికీ కలిపి 3000 బాట్లు దాటకూడదు. ఆవిడ శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ఏ వరసలో తిరిగితే మేలు? డబ్బు ఇక్కడే మార్చుకోవాలా, అక్కడ మార్చుకోవాలా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

కరీంనగర్_కుర్రోడు:
అన్నా, ముందుగాల ఇది ఇను. ప్యాలెస్ గోడ పొంటి నడుస్తుంటే ఇస్త్రీ అంగీ ఏసుకున్నోడొకడు ఎదురొస్తడు. "ఇయ్యాల పూజ ఉంది, లోపలికి పోనియ్యరు, మధ్యాహ్నం రా" అంటడు. అగ్గువకు టుక్‌టుక్ మాట్లాడిపెడ్తడు. మాకు గట్లనే అయింది. గుడి ఒక్కటే చూపిండు. తర్వాత నగల దుకాణం, తర్వాత సూట్లు కుట్టేటోని కాడికి. మేం ఏం కొంటలేమని తెలిసినంక నడిరోడ్డు మీద దింపి పోయిండు. ఎండల మా ఆమె కండ్లెంబడి నీళ్లు. ఇప్పటికీ తల్సుకుంటె మండుతది. పొద్దుగాల ఎనిమిదిన్నరకు తెరుస్తరు, మూడున్నర దాంక టికెట్లు ఇస్తరు. కిటికీ కాడిదాంక పోయి నీ కండ్లతోని చూసుకో. టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155, ఫోన్ల పెట్టుకో.

అత్తిలి_అమ్మాయి:
మీ ఆవిడ గురించి నాకు బెంగగా ఉందండి. అక్కడ "వెజ్" అంటే వాళ్లకి ముక్క తీసేయడమే. చేపల సాస్ ఉంటుంది. పాడ్ థాయ్‌లో ఎండురొయ్యలు, బొప్పాయి సలాడ్‌లోనూ అవే. మా అత్తగారు రెండు ముద్దలు తిన్నాక వాసన పట్టేసి, ఆ పూటంతా నీళ్లు తప్ప ఏమీ ముట్టుకోలేదు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న బండి కోసం చూడండి. దాన్ని "జే" భోజనం అంటారు. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు. "కిన్ జే" అంటే వెంటనే అర్థం చేసుకుంటారు. మామిడిపండుతో కొబ్బరిపాల జిగురన్నం మాత్రం ఎక్కడైనా నిశ్చింతగా తినొచ్చు.

నెల్లూరు_మాస్టారు:
పహురాత్‌లో బంగారు గుమ్మటం ఉన్న గురుద్వారా ఉంది. పొద్దున పూట లంగర్‌లో ఉచితంగా పెడతారు. రోటీ, పప్పు. తలకి గుడ్డ కట్టుకుని వెళ్లాలి. సామ్ యోట్ మెట్రోలో దిగి నడిచాం.

సిలోం_వాసి:
నేను ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను. హైదరాబాద్ నుంచి ఎవరొచ్చినా ముందు నాకే ఫోన్ చేస్తారు, కాబట్టి ఈ లెక్క నా మాట మీద నమ్మండి. ప్యాలెస్ మనిషికి 500, వాట్ ఫో 300, వాట్ అరుణ్ 200. ఇద్దరికీ అక్కడే 2000 అయిపోయింది. రైలుకీ పడవకీ తిండికీ వెయ్యి మిగిలింది. అది చాలు, కానీ పడవ దగ్గర జాగ్రత్త. సియామ్‌లో రైలెక్కి సఫాన్ తాక్సిన్‌లో దిగండి. కింద సాథోర్న్ రేవులో టికెట్ బల్ల దగ్గర మీకు నీలిజెండా టూరిస్టు పడవే చూపిస్తారు. నారింజ జెండా పడవ కోసం ఆగండి, ఎంత దూరమైనా 16 బాట్లే. ఎక్కి నిలబడితే కండక్టరమ్మ పొడుగాటి రేకు గొట్టం టకటకలాడిస్తూ వస్తుంది. చిల్లర అందులో వేసుకుని, దాని మూత అంచుతోనే టికెట్ చించి ఇస్తుంది. థా చాంగ్‌లో దిగితే ప్యాలెస్. వాట్ అరుణ్‌కి అవతలి ఒడ్డుకి దాటడం థా తియెన్ రేవు నుంచి, 5 బాట్లు.

విశాఖ_విహారి:
500 ఇవ్వడం నాకు అస్సలు ఇష్టం లేదు. థాయ్‌వాళ్లకి ఉచితం, మనకి 500. మొహం చూసి రేటు చెప్పడం అన్యాయం. బయటినుంచి చూసి వచ్చేయండి.

సిలోం_వాసి:
@విశాఖ_విహారి మన దేశంలో విదేశీయులకి రేటు ఎక్కువ కాదా? గోల్కొండలో మనకి 25, వాళ్లకి 300.

విశాఖ_విహారి:
తెలిసి మాట్లాడండి. సార్క్, బిమ్స్‌టెక్ అనే ఇరుగుపొరుగు కూటముల దేశాలవాళ్లకి పురావస్తు శాఖ కట్టడాల్లో మన రేటే. థాయ్‌లాండ్ బిమ్స్‌టెక్‌లోదే. థాయ్ మనిషి గోల్కొండకి 25 రూపాయలతో వెళ్తాడు. మనం వాళ్ల ప్యాలెస్‌కి 500 బాట్లు, అంటే పన్నెండు వందల రూపాయల పైమాటే ఇస్తున్నాం. ఇది నాకు చేదుగానే ఉంది. ఎవరేమన్నా ఇవ్వను.

పాలమూరు_పిల్ల:
రేటు సంగతి పక్కన పెట్టుండ్రి. ఆ 500లనే ఖోన్ నాటకం కూడా ఉందని ఎవ్వలూ చెప్తలేరు! పనిదినాలల్ల సాలా చలెర్మ్‌క్రుంగ్ థియేటర్‌ల ఆడతరు, ప్యాలెస్ కాడికెంచి వ్యాన్‌ల వాళ్లే తీస్కపోతరు. ముసుగులు పెట్టుకొని రామాయణం ఆడుడు. యునెస్కో 2018ల దాన్ని జాబితాల చేర్చింది. ఏసీ హాలు, మెత్తటి కుర్చీలు, హనుమంతుడు ఎగిరి దుంకుతుంటె చిన్నప్పుడు మా ఊర్ల జూసిన బాగోతం యాదికొచ్చింది నాకు. ఎందరో టికెట్ పారేసి ఎల్లిపోతరు. నాకు ప్రాణం ఉసూరుమంటది.

నెల్లూరు_మాస్టారు:
ప్యాలెస్ లోపలి గుడి గోడల మీది రామాయణం నేనూ చూశాను. 178 పటాలు, బంగారు రంగు, చేయి తిరిగిన పని, కాదనను. కానీ ఆంజనేయస్వామిని ఒక మత్స్యకన్య వెంట పడేలా చూపించారు. రావణుడి కూతురట! వారధి రాళ్లు తీసేస్తుంటే ఈయన పట్టుకోబోయి మనసు పారేసుకున్నాడట. నైష్ఠిక బ్రహ్మచారి మీద ఇలాంటి కథా? చెయ్యెత్తి దండం పెట్టబోయి ఆగిపోయాను.

సిలోం_వాసి:
మాస్టారూ, అది రామకియెన్, అంటే వాళ్ల రామాయణం. రాజులే రామా అని పేరు పెట్టుకున్న దేశం. భక్తి తక్కువై రాయలేదు.

పాలమూరు_పిల్ల:
సార్, మా నాయనమ్మ చెప్పే మైరావణుని కతల మత్స్యవల్లభుడు ఎవలు? పాతాళంల కావలి ఉండి హనుమంతునితోని కొట్లాడినోడు? హనుమంతుని కొడుకే గద.

నెల్లూరు_మాస్టారు:
అమ్మా, అక్కడ జారిన చెమటబొట్టు చేప మింగింది. ఆయనకి తెలియనే తెలియదు. చెమటబొట్టుకీ సరసానికీ తేడా లేదా? పైగా అదీ వాల్మీకంలో లేదు. జనం కథని శాస్త్రంగా చూపించకండి.

పాలమూరు_పిల్ల:
జనం కత అని తక్కువ చెయ్యకుండ్రి సార్. మా నాయనమ్మకు చదువు రాదు గని మైరావణ కత మొత్తం నోటికొచ్చు. ఆ తల్లికి లేని భక్తి పుస్తకం చదివినోళ్లకు ఉన్నదా?

నెల్లూరు_మాస్టారు:
పెద్దలతో మాట్లాడే తీరు అది కాదు.

విశాఖ_విహారి:
మాస్టారు అన్నదాంట్లో తప్పేముంది? మన దేవుణ్ణి వాళ్ల ఇష్టం వచ్చినట్టు గీసి, చూడ్డానికి మన దగ్గరే 500 తీసుకుంటున్నారు.

చర్చ_నిర్వాహకుడు:
ఇద్దరు దంపతులు ఒక రోజు ఎలా గడపాలో అడిగారు. హనుమంతుడి మీద వేరే చర్చ తెరవండి. వ్యక్తిగతంగా మాట్లాడితే తీసేస్తాను.

కరీంనగర్_కుర్రోడు:
బట్టల ముచ్చట ఎవ్వలు జెప్పలే. భుజాలు, మోకాళ్లు కప్పాలె. నిక్కర్ల మీద పోనియ్యరు. ఎదురుంగనే ఏనుగు బొమ్మల పైజామాలు అమ్ముతరు, ఇంట్లకెల్లే ప్యాంటు ఏస్కపోతే ఆ పైసలు మిగుల్తయి.

అత్తిలి_అమ్మాయి:
చీరకి చేతుల జాకెట్టు వేసుకోమనండి. స్లీవ్‌లెస్ మీద చున్నీ కప్పుకుంటే మా వదినని ఒప్పుకోలేదు. పంజాబీ డ్రెస్ అయితే ఏ గొడవా లేదు.

సిలోం_వాసి:
వాట్ ఫో వదిలేయమనేవాళ్ల మాట వినకండి. 46 మీటర్ల బుద్ధుడు పడుకుని ఉంటాడు. పాదాల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ముత్యపుచిప్పలతో 108 మంగళ చిహ్నాలు పొదిగారు, పక్క నుంచి చూస్తే వెలుగు రంగు మారుతుంది. వెనకవైపు 108 కంచు గిన్నెలు వరసగా ఉంటాయి. జనం ఒక్కొక్క నాణెం వేస్తూ నడుస్తుంటే ఆ చప్పుడు హాలంతా నిండిపోతుంది. టికెట్‌తో మంచినీళ్ల సీసా ఇస్తారు. డబ్బు తగ్గించాలంటే వాట్ అరుణ్ లోపలికి వెళ్లకండి, సాయంత్రం ఇవతలి ఒడ్డు నుంచి చూడండి. అప్పుడే అందం.

విశాఖ_విహారి:
అరుణ్ లోపలికి వెళ్లకపోతే మెట్లెక్కి నది చూసేదెక్కడ? గోపురమంతా పింగాణీ ముక్కలతో పువ్వులు అతికారు, దగ్గర నుంచి చూస్తేనే తెలుస్తుంది. ద్వారం దగ్గర పది తలల పచ్చ రాక్షసుడూ, తెల్లటి సహస్రతేజుడనే ఇంకో రాక్షసుడూ కాపలా. అక్కడ 200 సంతోషంగా ఇచ్చాను.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. పొద్దున్నే ప్యాలెస్, తర్వాత ఖోన్, మధ్యాహ్నం జే భోజనం, తర్వాత వాట్ అరుణ్, రాత్రి చైనాటౌన్ అని రాసుకున్నాను. వాట్ ఫో వదిలితే 600 మిగులుతుంది. మా ఆవిడ మాత్రం పడుకున్న బుద్ధుణ్ణి చూడాల్సిందే అంటోంది. డబ్బు మార్పిడి సంగతి ఎవరూ చెప్పలేదు.

పాలమూరు_పిల్ల:
అక్క మాట ఇనుండ్రి. అరుణ్ మళ్లొచ్చినప్పుడు. సియామ్ కాడనే ఉంటున్నరు కాబట్టి ఎరవాన్ మందిరం నడిచిపోవచ్చు, పైసా టికెట్ లేదు. నాలుగు మొకాల బ్రహ్మ. మన దగ్గర బ్రహ్మకు గుడులే తక్కువ.

అత్తిలి_అమ్మాయి:
డబ్బు అక్కడే మార్చుకోండి. సువర్ణభూమి విమానాశ్రయం కింది అంతస్తులో, సిటీ రైలు ఎక్కే చోట ఉన్న దుకాణాల్లో, పైన అరైవల్స్ దగ్గర కన్నా రేటు నయం. మన కార్డుతో ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ రెండొందల బాట్ల పైనే కోస్తారు, తక్కువ తక్కువ తీయకండి. డిజిటల్ అరైవల్ కార్డు బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో నింపండి, 2025 మే నుంచి తప్పనిసరి, దానికి రుసుం లేదు. డబ్బులడిగే సైటు కనిపిస్తే మూసేయండి.