చిన్న బేస్‌బాల్ కార్డుల నుంచి ట్రేడ్ చేసుకుంటూ ట్రౌట్ రూకీ దాకా వెళ్లొచ్చా? మా బాబు కోసం అడుగుతున్నాను

ప్రశ్న (ప్లేనో, టెక్సాస్)

అందరికీ నమస్తే. మా బాబుకి 12 ఏళ్లు. 2023లో మా టెక్సాస్ టీము రేంజర్స్ వరల్డ్ సిరీస్ గెలిచినప్పటి నుంచి వాడికి బేస్‌బాల్ కార్డులు తప్ప వేరే లోకం లేదు. ఇప్పుడు వాడి దగ్గర రేంజర్స్ ఆటగాడు వాయట్ లాంగ్‌ఫర్డ్ రూకీ కార్డులు (ఆటగాడి మొదటి సీజన్ కార్డులు) కొన్ని, టాప్స్ క్రోమ్ రిఫ్రాక్టర్లు (మెరిసే రకం కార్డులు) కొన్ని ఉన్నాయి, ఇవి కాక పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చిన 1988 నుంచి 1991 దాకా వచ్చిన డాన్‌రస్, ఫ్లీర్, టాప్స్ కంపెనీల కార్డులు రెండు పెద్ద డబ్బాల నిండా ఉన్నాయి. వాడి కోరికల్లా మైక్ ట్రౌట్ అనే పెద్ద ఆటగాడి 2011 టాప్స్ అప్‌డేట్ రూకీ కార్డు. కొనిపెట్టమని అడగట్లేదు, చిన్నవి ఇచ్చి కొంచెం పెద్దది, అది ఇచ్చి ఇంకాస్త పెద్దది తీసుకుంటూ తనే అక్కడిదాకా వెళ్తానంటున్నాడు, వీడియోల్లో అలాగే చేస్తున్నారట. ఇది నిజంగా కుదిరే పనేనా? వాణ్ని ఎవరైనా మోసం చేస్తారేమో అని ఒక టెన్షన్, తెలియక వాడే ఇంకో పిల్లాడికి అన్యాయం చేస్తాడేమో అని ఇంకో టెన్షన్. మా వారికి క్రికెట్ తప్ప ఏమీ తెలియదు, నాకు అదీ తెలియదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు (ఎడిసన్, న్యూజెర్సీ)

కుదురుతుంది అక్కా, నిదానంగా. బాబు కొనమని అడక్కుండా ట్రేడ్ చేస్తానన్నాడు చూడండి, అక్కడే సగం మంచి లక్షణం ఉంది. ముందు వాడికి అర్థం కావాల్సిన విషయం ఒకటుంది. వంద డాలర్ల కార్డు ఉన్నవాడు పది డాలర్ల కార్డులు పది తీసుకుని దాన్ని ఎందుకు ఇస్తాడు? ఊరికే ఇవ్వడు. ఆ పదీ అమ్మాలంటే పదింటికీ ఫోటోలు తీయాలి, పది కవర్లు కట్టాలి, ఈబేకి ప్రతి దాని మీదా సుమారు 13 శాతం కట్టాలి. అందుకే పెద్ద కార్డు ఇచ్చేవాడు పైన పదో ఇరవయ్యో శాతం అడుగుతాడు, అది ఈ హాబీలో మామూలే, మోసం కాదు. మరి మెట్టు మెట్టుకీ ఇలా పోగొట్టుకుంటూ పోతే పైకి ఎక్కేదెలా అంటారా? అవతలివాడికి డబ్బు కంటే ఎక్కువగా కావాల్సింది మీ దగ్గర ఉన్నప్పుడు ఎక్కుతారు.

కైల్ మెక్‌డొనాల్డ్ అని కెనడా కుర్రాడి గురించి వినే ఉంటారు, 2005లో ఎర్ర పేపర్ క్లిప్‌తో మొదలుపెట్టి 14 ట్రేడ్లలో, 2006కల్లా, సస్కాచెవాన్‌లోని కిప్లింగ్ అనే ఊళ్లో ఇల్లు సంపాదించాడు. ఆ వరసలో ఆలిస్ కూపర్‌తో ఒక మధ్యాహ్నం గడిపే అవకాశాన్ని ఇచ్చేసి, ఒక స్నో గ్లోబ్ తీసుకున్నాడు. చూసినవాళ్లందరూ కిందికి దిగాడనే అనుకున్నారు. కానీ కార్బిన్ బెర్న్‌సెన్ అనే నటుడికి స్నో గ్లోబ్‌లు సేకరించే అలవాటు, అది తీసుకుని సినిమాలో ఒక పాత్ర ఇచ్చాడు, ఆ పాత్ర కోసం ఊరివాళ్లు ఇల్లు ఇచ్చారు. ఆ స్నో గ్లోబ్ ట్రేడ్ గురించి బాబుకి తప్పకుండా చెప్పండి. ఎవరికి ఏం కావాలో తెలుసుకున్నవాడు ముందుకు వెళ్తాడు, అవతలివాడి అమాయకత్వం మీద ఆధారపడేవాడితో రెండోసారి ఎవరూ ట్రేడ్ చేయరు.

మీ విషయంలో ఇది ఎలా పనిచేస్తుందంటే, లాంగ్‌ఫర్డ్ కార్డుకి డల్లాస్ చుట్టుపక్కల ఉన్నంత గిరాకీ బోస్టన్‌లో ఉండదు. మీ డల్లాస్ వైపు కార్డ్ షోల్లో (కార్డులు అమ్ముకునే, మార్చుకునే సంతల్లో) రేంజర్స్ కార్డులు వెతికే పిల్లలూ పెద్దలూ ఉంటారు, వాళ్లు కార్డులు పెట్టుకునే బైండర్‌లో వేరే టీముల మంచి కార్డులు పట్టించుకునేవాడు లేక పడి ఉంటాయి. బాబు ఒక లాంగ్‌ఫర్డ్ రిఫ్రాక్టర్ ఇచ్చి అదే ధర ఉన్న, అందరికీ తెలిసిన ఆటగాళ్లు గ్రిఫీనో ఇచిరోనో తీసుకున్నా అది ముందడుగే, ఎందుకంటే గ్రిఫీ కార్డు ఏ ఊళ్లోనైనా, ఏ టేబుల్ దగ్గరైనా మారుతుంది. ఒటానీ, ట్రౌట్, జడ్జ్, జీటర్, గ్రిఫీ, ఇచిరో, ఇలాంటి పేర్లున్న కార్డులు చేతిలో ఉంటే తర్వాతి ట్రేడ్ సులువు. ఒకేసారి పదికి ఒకటి అడగకుండా రెండిచ్చి ఒకటి, మూడిచ్చి ఒకటి, అలా వెళ్లమనండి.

ఇక ఆ రెండు డబ్బాలు. బాబు మనసు నొచ్చుకోకుండా చెప్పండి, వాటిలో చాలా కార్డులకి దాదాపు ధర లేదు. ఎనభైల చివర, తొంభైల మొదట్లో కంపెనీలు లెక్కలేనన్ని ముద్రించాయి, జనం కూడా పిల్లల కాలేజీ ఫీజులకి పనికొస్తాయని అట్టపెట్టెల్లో దాచారు, ఆ కాలాన్ని ఇక్కడ జంక్ వాక్స్ అంటారు. అందరూ దాచినది అరుదు ఎలా అవుతుంది? 1952 టాప్స్ మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లు పలికిందంటే, అప్పట్లో పిల్లలు ఆ కార్డులు వాడి పారేశారు, అమ్ముడుపోని పెట్టెల్ని టాప్స్ వాళ్లే సముద్రంలో పడేయించారు, అందుకే.

అలాగని చూడకుండా పారేయకండి. 1990 టాప్స్‌లో ఫ్రాంక్ థామస్ కార్డు మీద ముందువైపు పేరు పడని ప్రింటింగ్ తప్పు ఒకటుంది, అది దొరికితే బాబు పంట పండినట్టే. 1989 ఫ్లీర్‌లో బిల్ రిప్‌కెన్ బ్యాట్ అడుగున బూతుమాట కనిపించే కార్డు ఇప్పటికీ కొనేవాళ్లున్నారు (ఆ డబ్బా ముందు మీరు చూసి ఇవ్వండి). గ్రిఫీ రూకీలు డాన్‌రస్‌లోనూ ఫ్లీర్‌లోనూ ఉంటాయి, తక్కువ ధరే అయినా బాగున్నవి పక్కన పెట్టమనండి, చిన్న ట్రేడ్లు కుదర్చడానికి పనికొస్తాయి. మిగిలినవి టీముల వారీగా విడదీసి, కొత్తగా మొదలుపెట్టే పిల్లలకి ఇచ్చేస్తే షోలో వాడికి నలుగురు స్నేహితులు దొరుకుతారు.

ధర చూసే పద్ధతి కూడా వాడికి మొదటి రోజే రావాలి. ఈబేలో అడుగుతున్న ధర చూడకూడదు, అమ్ముడైన ధరే చూడాలి, అది కూడా అదే సంవత్సరం, అదే సెట్, అదే పారలెల్ (అదే బొమ్మకి వేరే రంగు రకం), అదే గ్రేడ్ (కండిషన్‌కి ఇచ్చిన మార్కు). మామూలు బేస్ కార్డుకీ, ఎన్ని వేశారో నంబర్ ఉన్న గోల్డ్ కార్డుకీ బొమ్మ ఒకటే ఉంటుంది, ధర మాత్రం ఎక్కడికో పోతుంది. ఈబేలో ధర మీద గీత కొట్టి బెస్ట్ ఆఫర్ అని ఉంటే అసలు పలికింది అంతకన్నా తక్కువ, అది ఎంతో 130పాయింట్ సైట్‌లో తెలుస్తుంది. ఒక్క అమ్మకం చూసి నమ్మొద్దు, చివరి నాలుగైదు చూడాలి.

ఇంకొకరి జవాబు (నేపర్‌విల్, ఇల్లినాయ్)

పైన అన్న చెప్పినదంతా నిజం. కార్డు కండిషన్ గురించి నేను కలుపుతాను. ప్రతి ట్రేడ్‌లో స్లీవ్‌లోంచి తీసి చూడమనండి, కార్డు ఎవరిదైతే వాళ్లచేతే తీయించాలి. నాలుగు మూలలు, అంచులు, బొమ్మ మధ్యలో ఉందా పక్కకి జరిగిందా, తర్వాత వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని గీతలు. క్రోమ్ కార్డుల మీద సన్న గీతలు ఎదురుగా చూస్తే కనబడవు. 1957 తర్వాత వచ్చిన మామూలు టాప్స్ కార్డు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు ఉంటుంది. అంచు అరిగిందని కత్తిరించి కొత్తగా కనిపించేలా చేసినవి తిరుగుతుంటాయి, అదే సెట్‌లోని ఇంకో కార్డు మీద పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. పీఎస్ఏ లాంటి గ్రేడింగ్ కంపెనీ (కండిషన్ చూసి పదికి మార్కులిచ్చేది) సీలు వేసిన ప్లాస్టిక్ డబ్బాలో, అంటే స్లాబ్‌లో ఉంటే లేబుల్ మీద నంబర్ వాళ్ల సైట్‌లో కొట్టి చూడండి, స్లాబ్ అంచులు విప్పి అతికించినట్టు ఉన్నాయేమో కూడా.

బాబు తన కార్డులు గ్రేడింగ్‌కి పంపుతానంటే ఇప్పుడే వద్దనండి. పదికి పది రాకపోతే చాలా కొత్త కార్డుల విషయంలో ఫీజు కూడా వెనక్కి రాదు, 9 వచ్చిన కార్డు చాలాసార్లు రా కార్డు (గ్రేడింగ్ చేయించనిది) ధర కన్నా కొంచెమే పైన ఉంటుంది. పెన్నీ స్లీవ్ (పల్చటి ప్లాస్టిక్ కవరు), టాప్‌లోడర్ (గట్టి ప్లాస్టిక్ కవరు) చాలు. టాప్‌లోడర్ మీద మామూలు టేప్ వేయకుండా నీలం పెయింటర్స్ టేప్ వేయమనండి, జిగురు అంటదు.

ప్రశ్న అడిగినవారు

ఇంత ఓపికగా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. మూడు చిన్న సందేహాలు. అలెన్‌లో జరిగే కార్డ్ షోకి తీసుకెళ్దాం అనుకుంటున్నాం, అక్కడ పెద్దవాళ్లు వీడితో ట్రేడ్ అంటే నేను మధ్యలో మాట్లాడాలా? ఇంకొకటి, బౌమన్ అనే బ్రాండ్ కార్డుల్లో ఇంకా మేజర్స్‌కి (పై స్థాయి లీగ్‌కి) రాని కుర్రాళ్లవి తీసుకుంటే రేపు పదింతలు అవుతాయని వాడి ఫ్రెండ్ చెప్తున్నాడు. మూడోది మా వారు అడగమన్నారు, డబ్బు చేతులు మారకపోతే ట్యాక్స్ ఏమీ ఉండదు కదా?

జవాబు (ఎడిసన్)

మీరు పక్కనే నిలబడండి అక్కా, మాట మాత్రం వాణ్నే మాట్లాడనివ్వండి. షోలో పిల్లలు నేల మీద కూర్చుని బైండర్లు తెరిచి ట్రేడ్ చేసుకుంటూ ఉంటారు, ముందు అక్కడ కూర్చోమనండి. మొదట అడగాల్సింది "నువ్వు ఎవరి కార్డులు కలెక్ట్ చేస్తావ్?" అని. తర్వాత రెండు వైపులా కార్డుల ధరలు ఒకే ఫోన్‌లో, ఇద్దరికీ కనిపించేలా చూసుకోవాలి. పెద్దవాళ్లు ధర చూడనివ్వకుండా తొందరపెడితే "మా అమ్మతో మాట్లాడి వస్తాను" అని లేచి వచ్చేయమనండి, నిజాయితీ ఉన్న డీలర్ ఎవరూ దానికి కోపం తెచ్చుకోరు. డీలర్ టేబుల్ దగ్గర డబ్బు అడిగితే తక్కువ ఇస్తారు, ట్రేడ్ అంటే ఇంకాస్త ఎక్కువ లెక్క కడతారు, అది వాళ్ల వ్యాపారం, దాన్ని తప్పు పట్టొద్దు. ఎదుటి పిల్లాడు వీడికంటే చిన్నవాడై, ధర తెలియక మంచి కార్డు ఇచ్చేస్తుంటే, వీడే ఆ ధర చూపించి చెప్పాలి. ఈ ఒక్క విషయంలో మీరు గట్టిగా ఉండండి, దీనివల్ల ఒక కార్డు పోయినా పర్వాలేదు.

పోస్ట్‌లో ట్రేడ్లు ఈ వయసుకి వద్దు. కావాలంటే మీ పేరు మీద, ట్రాకింగ్ పెట్టి, మీకు బాగా తెలిసినవాళ్లతోనే.

బౌమన్ ప్రాస్పెక్ట్ కార్డుల (ఆ కుర్రాళ్ల కార్డుల) గురించి నాది గట్టి అభిప్రాయం. ట్రౌట్‌ది 2009 బౌమన్ క్రోమ్ సూపర్‌ఫ్రాక్టర్ ఆటోగ్రాఫ్, ప్రపంచంలో ఒక్కటే ఉన్నది, 2020లో 39 లక్షల డాలర్ల పైన పలికింది, అందరూ దాన్నే చెప్తారు. స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ అనే పిచ్చర్ (బంతి విసిరేవాడు) సంగతి చెప్పరు. 2010 జూన్‌లో మొదటి మ్యాచ్‌లోనే 14 మందిని స్ట్రైకవుట్ చేశాడు (బంతి కొట్టనివ్వకుండా అవుట్ చేశాడు), అతని బౌమన్ కార్డుల కోసం జనం ఎగబడ్డారు, ఆగస్టులో మోచేయి దెబ్బతింది, సర్జరీ అయ్యింది. తర్వాత 2019 వరల్డ్ సిరీస్ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు) కూడా అయ్యాడు, అయినా కార్డులు ఆ వేసవి ధరల దరిదాపుల్లోకి రాలేదు. అంత గొప్ప ఆటగాడి సంగతే ఇలా ఉంటే మిగిలినవాళ్ల మాట చెప్పేదేముంది. బాబు దగ్గర ప్రాస్పెక్ట్ కార్డు ఉండి, దాని పేరు ఊపులో ఉంటే, అప్పుడే ఇచ్చి నిలబడిన పేరు తీసుకోమనండి. లాంగ్‌ఫర్డ్ కార్డులకి కూడా ఇదే, మంచి నెల ఆడినప్పుడు మార్చాలి. ఒకటి మాత్రం అట్టిపెట్టుకోనివ్వండి, వాడి అభిమాన ఆటగాడు కదా.

ఇంకో జవాబు (అట్లాంటా, ట్యాక్స్ పని చేస్తాను)

డబ్బు మారకపోతే ట్యాక్స్ లేదనేది చాలామంది అపోహ అండీ. 2017 చివర్లో వచ్చిన చట్టంతో, 2018 నుంచి ఒకటిచ్చి అలాంటిదే తీసుకున్నప్పుడు ట్యాక్స్ వాయిదా వేసే సౌకర్యం ఇళ్లు, స్థలాలకే మిగిలింది. కార్డుకి కార్డు మార్చినా, మీకు పడిన ఖర్చు కంటే వచ్చిన కార్డు విలువ ఎక్కువైతే ఆ తేడా లాభమే. ఏడాది పైన ఉంచుకున్న కలెక్టిబుల్స్ మీద పై రేటు 28 శాతం. మీ బాబు స్థాయిలో పది ఇరవై డాలర్ల ట్రేడ్లకి భయపడక్కర్లేదు, కానీ ఒక నోట్‌బుక్‌లో తేదీ, ఇచ్చిన కార్డు, తీసుకున్న కార్డు, ఆ రోజు రెండింటి ధర రాయించండి. విలువ వేలల్లోకి వెళ్తే మీ సీపీఏ (ట్యాక్స్ లెక్కలు చూసే అకౌంటెంట్) మొదట అడిగేది ఆ నోట్‌బుక్కే.

ప్రశ్న అడిగినవారు

నోట్‌బుక్ మాట చెప్పగానే వాడు అప్పుడే గీతలు కొట్టేసుకున్నాడు. ఆ ట్రౌట్ కార్డు దాకా వెళ్లాక రా కార్డు తీసుకోవాలా, స్లాబ్‌లో ఉన్నదా?

జవాబు (ఎడిసన్)

స్లాబ్‌లో ఉన్నదే అక్కా, పీఎస్ఏ 8 అయినా 9 అయినా. ఆ కార్డుకి నకిలీలు తిరుగుతున్నాయి, వాడికి అది మొదటి పెద్ద ట్రేడ్. వెనక నంబర్ యూఎస్175 అని ఉండాలి. కొన్ని వందల డాలర్ల స్థాయి కాబట్టి చివరి మెట్టులో రెండు మూడు బలమైన కార్డులు, తక్కువైతే మీరు కొంచెం క్యాష్ కలిపినా తప్పు లేదు, అందరూ అలాగే చేస్తారు. నవంబర్ నుంచి జనవరి లోపు వెతకండి, బేస్‌బాల్ లేని నెలల్లో ధరలు సాధారణంగా కాస్త మెత్తబడతాయి, స్ప్రింగ్ ట్రైనింగ్ మొదలయ్యేసరికి మళ్లీ బిగుస్తాయి. డబ్బాల్లో ఆ ఫ్రాంక్ థామస్ కనిపిస్తే ఎవరికీ ఇవ్వకుండా ముందు రెండు వైపులా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాం.