అప్‌డేట్: గాలిమర బొమ్మ ఎవరిదో తెలిసింది

కాలువ పక్కన గాలిమర, పైన నీలాకాశం ఉన్న పాత ముద్రణ ఒకటి మా ఇంట్లో ఉందని, చిత్రకారుడు ఎవరని మొన్న అడిగాను. హేగ్ చిత్రకారులలో (19వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరం కేంద్రంగా పనిచేసిన బృందం) వైసెన్‌బ్రుక్ కావచ్చని కొందరు అన్నారు. సమాధానం దొరికింది: అది పాల్ గాబ్రియెల్ (1828–1903) వేసిన తైలవర్ణచిత్రం, సుమారు 1889 నాటిది. 'జూలై మాసంలో' అనే పేరుతో ప్రసిద్ధం. అసలు చిత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. గత వారం అక్కడికి వెళ్లి చూశాను.

మన ముద్రణలో ఆకాశం రంగు సగం కూడా రాలేదు! హేగ్ చిత్రకారులకు మబ్బు పట్టిన బూడిద రంగులంటే ఇష్టం. వారి బృందాన్ని 'బూడిద రంగు బృందం' అని కూడా పిలిచేవారు. ఆ బృందంలోనివాడే అయినా గాబ్రియెల్ మాత్రం తన దేశం బూడిద రంగుది కాదని, రంగుల దేశమని గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకం ఈ చిత్రంలో కళ్లకు కడుతుంది.

ఆ గాలిమర పిండి విసరడానికా అని ఒకరు అడిగారు. కాదు, పల్లపు పొలాల్లోని నీటిని ఎత్తి కాలువలోకి తోడడానికి. కింద నీటిలో దాని నీడ ఎంత నిశ్చలంగా ఉందో! నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

పేరు కనిపెట్టడంలో సాయపడిన అందరికీ కృతజ్ఞతలు.