ఓటమి లేని రికార్డును బట్టి బాక్సర్ గొప్పతనాన్ని నిర్ణయించవచ్చా?

ప్రశ్న

హెవీవెయిట్ చరిత్రలో అత్యుత్తములెవరన్న చర్చ ఎక్కడ జరిగినా రాకీ మార్సియానో పేరు మొదటి ఐదారు స్థానాల్లో వినిపిస్తుంది. అందుకు చూపించే ఆధారం దాదాపు ఎప్పుడూ ఒకటే: 49 పోటీలు, 49 విజయాలు, వాటిలో 43 నాకౌట్లు. ఆ అంకెలను కాసేపు పక్కన పెట్టి, అతను ఎవరిని ఏ దశలో ఓడించాడన్నది పరిశీలిస్తే ఆ స్థానం నిలబడుతుందని నాకు అనిపించడం లేదు. 1951 అక్టోబరులో జో లూయీని ఎనిమిదో రౌండులో పడగొట్టినప్పుడు లూయీ వయసు 37 ఏళ్లు. ఒకసారి రిటైరై, పన్ను బకాయిల ఒత్తిడితో మళ్లీ బరిలోకి దిగినవాడు. మరుసటి ఏడాది టైటిల్ అప్పగించిన జెర్సీ జో వాల్కాట్‌కు 38 ఏళ్లు. 1955లో మార్సియానో ఆఖరి ప్రత్యర్థి ఆర్చీ మూర్ అసలు లైట్ హెవీవెయిట్ (హెవీవెయిట్ కంటే తక్కువ బరువు తరగతి) ఛాంపియన్, అతనిది కూడా నలభైకి దగ్గరపడిన వయసే. పైగా ఆ మూర్ రెండో రౌండులో మార్సియానోను కింద పడేశాడు కూడా.

సుమారు 185 పౌండ్ల బరువుతో, పొట్టి చేతులతో పోరాడిన మనిషిని లూయీ, అలీ, ఫోర్‌మన్, హోమ్స్‌ల పక్కన నిలబెట్టడం ఓటముల లెక్కలోని ఆ సున్నా మీద ఉన్న మోజు వల్లనే జరుగుతోందని నా అభిప్రాయం. అర్హతకు మించిన కీర్తి పొందిన దిగ్గజాలు ఎవరని మీరు భావిస్తున్నారు? మరీ ముఖ్యంగా, ఏ కొలతతో అలా భావిస్తున్నారు? వ్యక్తిగత ప్రవర్తన నచ్చకపోవడాన్ని కారణంగా చూపవద్దని మనవి.

మొదటి సమాధానం

వయసుల గురించి మీరు చెప్పినవన్నీ వాస్తవాలే, కానీ వాటి నుంచి తీసిన నిర్ణయంతో ఏకీభవించలేను. వాల్కాట్ వయసు 38 అని రాసి వదిలేస్తే, 1952 సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో ఆ రాత్రి ఏం జరిగిందో తెలియని పాఠకుడు అలసిపోయిన ముసలివాణ్ణి సులువుగా కొట్టి కిరీటం పట్టుకుపోయాడనుకుంటాడు. ఆ వాల్కాట్ మొదటి రౌండులోనే మార్సియానోను నేలకూల్చాడు. అతను వృత్తిలో కింద పడటం అదే మొదటిసారి. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు జడ్జీల లెక్కలోనూ వాల్కాటే ముందున్నాడు. పదమూడో రౌండులో తాళ్ల దగ్గర ఒక్క కుడిచేతి దెబ్బతో ఆ పోటీ ముగిసింది. ఓడిపోతున్నానని తెలిసి కూడా ముందుకే నడిచే మొండితనాన్ని, పదమూడో రౌండులోనూ తగ్గని దెబ్బ బలాన్ని ప్రత్యర్థి వయసు తగ్గించలేదు.

మీ జాబితాలో ఎజార్డ్ చార్లెస్ లేకపోవడం కూడా చిన్న విషయం కాదు. 1954లో మార్సియానో అతనితో రెండుసార్లు తలపడినప్పుడు చార్లెస్‌కు ముప్పై రెండు, ముప్పై మూడేళ్లే. అంతకుముందు లూయీని, వాల్కాట్‌ను, మూర్‌ను కూడా ఓడించిన ప్రతిభావంతుడతను. మార్సియానోతో పూర్తిగా పదిహేను రౌండ్లు నిలబడగలిగినవాడు ఆ ఒక్కడే. సెప్టెంబరులో జరిగిన రెండో పోటీలో మార్సియానో ముక్కు చీలిపోయి రక్తం ఆగలేదు. ఏ క్షణంలోనైనా పోటీని ఆపేసే పరిస్థితి వచ్చినా ఎనిమిదో రౌండులో చార్లెస్‌ను నాకౌట్ చేశాడు. నా దృష్టిలో అతని స్థానాన్ని నిర్ణయించవలసినవి ఈ రెండు పోటీలు, 49 అన్న అంకె కాదు. బాక్సర్ తన తరాన్ని తాను ఎంచుకోలేడు. ఆ తరంలో ముందున్న పోటీదారులను తప్పించుకున్నాడా, ఎదుర్కొన్నాడా అన్నదే అడగవలసిన ప్రశ్న.

రెండవ సమాధానం

ఆ చివరి వాక్యంలోని కొలతనే తీసుకుంటే, చర్చించవలసిన పేరు మార్సియానో కాదు, జాక్ డెంప్సీ. 1919 జులై 4న టొలీడోలో తనకంటే ఎంతో భారీగా ఉన్న జెస్ విల్లర్డ్‌ను చితకబాది టైటిల్ గెలిచిన తీరు అద్భుతమనడంలో సందేహం లేదు. 1923 సెప్టెంబరులో లూయీ ఫిర్పోతో జరిగిన పోరు నాలుగు నిమిషాలైనా సాగలేదు. అందులో డెంప్సీ తాళ్ల మధ్య నుంచి రింగ్ బయటకు పడి, విలేకరులు పైకి తోస్తే తిరిగివచ్చి గెలిచాడు. దాన్ని ఇప్పటికీ జనం చెప్పుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. అయితే ఆ సెప్టెంబరు నుంచి 1926 సెప్టెంబరు వరకు, అంటే మూడేళ్ల పాటు, అతను టైటిల్‌ను ఒక్కసారి కూడా పణంగా పెట్టలేదు. పెట్టిన రోజున జీన్ టన్నీ చేతిలో పాయింట్ల మీద ఓడిపోయాడు. మరుసటి ఏడాది మళ్లీ ఓడిపోయాడు. ఏడో రౌండులో కింద పడిన టన్నీకి, రిఫరీ లెక్కింపు ఆలస్యంగా మొదలవడంతో దొరికిన అదనపు క్షణాల గురించి ఇప్పటికీ వాదించేవారు, మిగిలిన రౌండ్లలో అధిక భాగం టన్నీదే పైచేయి అన్న సంగతిని దాటవేస్తారు.

అసలు లోపం అంతకంటే లోతైనది. డెంప్సీ ఏలుబడిలో చాలా కాలం అతనికి అత్యంత బలమైన పోటీదారుగా నిలిచినవాడు హ్యారీ విల్స్. ఒప్పందాల మీద సంతకాలైనా ఆ పోటీ జరగలేదు. విల్స్ నల్లజాతివాడు కావడం, 1910లో నల్లజాతి ఛాంపియన్ జాక్ జాన్సన్ తెల్లజాతి మాజీ ఛాంపియన్ జెఫ్రీస్‌ను ఓడించినప్పుడు అమెరికా నగరాల్లో చెలరేగిన హింస ప్రమోటర్ల, అధికారుల మనసుల్లో ఇంకా మెదలడం దానికి ముఖ్య కారణాలు. ఇందులో డెంప్సీ వ్యక్తిగత బాధ్యత ఎంత, టెక్స్ రిక్కర్డ్ వంటి ప్రమోటర్ల బాధ్యత ఎంత అన్నది వేరే చర్చ. నేను పిరికితనాన్ని ఆపాదించడం లేదు. కానీ చర్మం రంగు కారణంగా తన తరంలోని ముఖ్య ప్రత్యర్థిని ఎదుర్కోని ఛాంపియన్‌కు, అతన్ని ఎదుర్కొని గెలిచినవాడికి ఇచ్చే స్థానమే ఇవ్వడం విల్స్‌కు రెండోసారి అన్యాయం చేయడమవుతుంది.

న్యాయం కోసం ఇంకొకటి కూడా చెప్పాలి. వర్ణవివక్షను చీల్చుకుని 1908లో టైటిల్ గెలిచిన జాక్ జాన్సనే, ఛాంపియన్ అయ్యాక శామ్ లాంగ్‌ఫర్డ్‌కు అవకాశం ఇవ్వలేదు. 1906లో లాంగ్‌ఫర్డ్‌ను పాయింట్ల మీద ఓడించి ఉన్నాడన్నది నిజమే, కానీ అప్పటి లాంగ్‌ఫర్డ్ ఇంకా చిన్నవాడు, బరువులో చాలా తక్కువ. తెల్లవారితో పోటీలకు డబ్బు ఎక్కువ వచ్చేదన్న వివరణ అర్థమవుతుంది కానీ, ఆ నష్టాన్ని భరించింది లాంగ్‌ఫర్డే. ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ కోసం ఒక్కసారి కూడా పోరాడే వీలు దొరకని అతని పేరు ఇటువంటి జాబితాల్లో కనిపించకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

ప్రశ్న అడిగినవారి స్పందన

చార్లెస్ పోటీల గురించి రాసినది విలువైన అభ్యంతరం. అయినా తన కాలపు పోటీదారులను ఎదుర్కోవడం ఒక అర్హత, చరిత్రలో మొదటి అయిదుగురిలో నిలవడం మరో అర్హత అని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. డెంప్సీ విషయంలో రెండవ సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇదే కొలతతో మైక్ టైసన్‌ను, బరువు తక్కువ తరగతుల్లో హూలియో సీజర్ చావెజ్‌ను, ఫ్లాయిడ్ మేవెదర్‌ను ఎవరైనా పరిశీలిస్తారా?

మూడవ సమాధానం

టైసన్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 1986 నవంబరులో ఇరవై ఏళ్లకే ట్రెవర్ బెర్బిక్‌ను ఓడించి టైటిల్ గెలవడం, 1988లో లారీ హోమ్స్‌ను నాకౌట్ చేసిన ఏకైక బాక్సర్‌గా మిగలడం, మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో ముగించడం ఎవరూ తీసివేయలేని ఘనతలు. కానీ తన దెబ్బకు తట్టుకుని తిరిగి కొట్టగల ఉత్తమ శ్రేణి ప్రత్యర్థి ఎదురైన ప్రతి పెద్ద పోటీలో, అంటే 1990లో బస్టర్ డగ్లస్, తరువాత హోలీఫీల్డ్ రెండుసార్లు, 2002లో లెనాక్స్ లూయిస్, అతను ఓడిపోయాడు. జైలుకు వెళ్లకపోతే ఏమయ్యేదన్న ఊహకు ర్యాంకింగుల్లో చోటివ్వకూడదు, ఎందుకంటే డగ్లస్ చేతిలో ఓటమి జైలుకు ముందే జరిగింది.

చావెజ్ విషయం అంత సులువు కాదు. 1993 సెప్టెంబరులో పెర్నెల్ విటకర్‌తో తలపడేనాటికి అతని రికార్డు 87 విజయాలు, సున్నా ఓటములు. శాన్ ఆంటోనియోలో విటకర్ తన జాబ్‌తో (ముందుచేతి సూటి దెబ్బతో), పాదాల చురుకుతో చావెజ్ ఇష్టపడే దగ్గరి పోరును అతనికి దక్కనివ్వలేదు. అయినా ఇద్దరు జడ్జీలు 115-115 అని రాయడంతో పోటీ డ్రా అయింది. చూసినవారిలో అత్యధికులు విటకర్‌కే విజయం ఇచ్చారు. 1990లో మెల్‌డ్రిక్ టేలర్ ఇద్దరు జడ్జీల లెక్కలో ముందుండగా, రెండు సెకన్లు మిగిలి ఉన్నప్పుడు రిఫరీ పోటీ ఆపడంతో చావెజ్ గెలిచాడు. ఆపడం సరైనదని నేను భావిస్తాను, ఎందుకంటే టేలర్ తీవ్రంగా గాయపడ్డాడు. ఆ సున్నాను విటకర్ రాత్రి జడ్జీలు కాపాడారు. టేలర్‌తో పోటీలో మాత్రం చావెజ్ పన్నెండు రౌండ్ల పాటు శరీరం మీద, తల మీద కొట్టిన దెబ్బలే కాపాడాయి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. చావెజ్ గొప్పవాడే, కానీ విటకర్ కంటే పై వరుసలో ఉంచడం మాత్రం పొరపాటు.

మేవెదర్‌కు వస్తే, మార్సియానో 49ని దాటించిన అతని యాభయ్యో విజయం 2017లో కానర్ మెక్‌గ్రెగర్ మీద వచ్చింది. మెక్‌గ్రెగర్‌కు అదే తొలి ప్రొఫెషనల్ బాక్సింగ్ పోటీ. ఆ ఒక్కటి చాలు, అంకెను నమ్మకూడదనడానికి. 2015 మేలో మానీ పకియావ్ మీద గెలుపును కూడా అతని శిఖరంగా చెప్పడం నాకు సమ్మతం కాదు. ఆ పోటీ జరగవలసిన సమయానికి అయిదేళ్లు ఆలస్యంగా, పకియావ్ మార్కెజ్ చేతిలో నాకౌట్ అయిన తరువాత జరిగింది. 2002లో హోసె లూయీ కస్తిల్యోతో మొదటి పోటీ ఫలితాన్ని తప్పుపట్టేవారు నేటికీ ఉన్నారు, అయితే అదే ఏడాది మళ్లీ తలపడి గెలవడం మేవెదర్‌కు గౌరవం తెచ్చే విషయం. అతను నిజంగా ఎంతటి బాక్సరో చూడదలచినవారు 2001 జనవరిలో డియెగో కొరాలెస్‌తో జరిగిన పోటీ చూడాలి. తనకంటే పొడవైన, అప్పటివరకు ఓటమి ఎరుగని, ఒక్క దెబ్బతో పోటీ ముగించగల ఆ యువకుణ్ణి మేవెదర్ అయిదుసార్లు కింద పడేశాడు. పదో రౌండులో రింగ్ మూలలో ఉన్న కొరాలెస్ సహాయకులే ఆ పోటీని ఆపేశారు.